చెప్పకుండా వెళ్ళిన తమీమూంత్

ఆగస్టు వచ్చిందంటే, సముద్రానికి ఇవతల మా నాదోర్ ఊళ్ళో ఎవరి ఇల్లూ వాళ్ళది కాదు. రేవులో ఓడ ఆగడం ఆలస్యం, నెత్తిన మూటలు కట్టుకున్న కార్లు వీధుల్లో బారులు తీరుతాయి. ఫ్రాన్సు నుంచి, బెల్జియం నుంచి, హాలండు నుంచి అన్నలు, వదినలు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల స్నేహితులు కూడా దిగిపోతారు. వస్తున్నామని ఒక్కరూ ముందు చెప్పరు. చెబితే మాకోసం వంటలు చేసి ఉంచమని అడిగినట్టు ఉంటుందట, అది మా వాళ్ళ మర్యాద. కనుక చెప్పకుండా వచ్చి, ఉన్నదేదో పెట్టు చాలు అని, నెల పొడుగునా తిని వెళతారు. ఈ మర్యాద కనిపెట్టినవాడు ఎప్పుడూ చుట్టమే అయి ఉంటాడు గాని ఇల్లుగలవాడు అయి ఉండడు.

తమీమూంత్ ఇంటికి ఈ తాకిడి మరీ ఎక్కువ. కారణం పరుపులు. ఆమె బతుకుతెరువే ఉన్ని పరుపులు కుట్టడం. గొర్రె ఉన్ని మేడ మీద ఉతికి ఆరేసి, దువ్వి, గుడ్డలో నింపి, బారెడు సూదితో అంచులు బిగించి కుట్టేది. కూతురు సిహాంకి పాలపళ్ళు ఊడే వయసులో చేపల పడవ మీద వెళ్ళిన భర్త తిరిగి రాలేదు. ఆ సూదితోనే పిల్లను పెంచింది, చదివించింది, బెల్జియంలోని లియేజ్ ఊరికి కోడలిగా పంపింది. ఇంట్లో గదులు తక్కువైనా పరుపులకు లోటు లేదు కనుక చుట్టాలంతా అక్కడే పడేవారు. వెళ్ళేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే పాట. ఫ్రాన్సులో పెర్పిన్యాన్ ఊళ్ళో ఉండే పిన్ని కూతురు యామ్నా అయితే కారు ఎక్కాక కూడా అద్దం దించి మరీ అనేది.

"ఒక్కసారి మా ఇంటికి రా అక్కా. నీకో గది వేరే పెట్టేస్తాను. నీ ఇల్లే అనుకో."

పక్కింటి హద్దూం ఇది విని మూతి తిప్పేది. "అవన్నీ కారెక్కేటప్పటి మాటలు వదినా. అక్కడ ఒకరి తలుపు కొట్టాలంటే వారం ముందు ఫోన్ చెయ్యాలట. లేకపోతే లోపల ఉండి కూడా లేమంటారట. మా ఆడపడుచు చెప్పింది."

"మీ ఆడపడుచుని చూస్తే నేనూ లేననే అంటాను," అనేది తమీమూంత్.

ఆ ఏడు సిహాం మూడోసారి కడుపుతో ఉంది. మొదటి రెండు కాన్పులకూ తల్లి వెళ్ళలేకపోయింది. కాగితాలన్నీ పెట్టుకుని ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినా, రెండుసార్లూ వీసా చేతికి వచ్చేసరికి బిడ్డకు పేరు పెట్టేశారు. మాలో ఏడో రోజున పేరు పెడతారు. ఆ రోజుకి బాలింత నోట్లో అమ్మ చేతి సెల్లు పడాలి. గోధుమపిండి ఎర్రగా వేయించి, నువ్వులు, బాదంపప్పు దంచి కలిపి, సోంపు, దాల్చినచెక్క వేసి, తేనె, నెయ్యి పోసి పిసికితే సెల్లు అవుతుంది. నడుముకి బలం, పాలకి బలం అంటారు. అన్నిటికంటే, అమ్మ వచ్చిందన్న బలం.

"ఇద్దరికీ కొన్న సెల్లే తిన్నానమ్మా," అంది సిహాం ఫోన్‌లో. "మా అత్తగారు వాళ్ళ ఊరు ఫెస్ నుంచి తెప్పిస్తారు, రిబ్బను కట్టిన పెట్టెలో. ఇదే ఆఖరు కాన్పు, ఇంక నావల్ల కాదు. ఈసారి కూడా నువ్వు రాకపోతే ఆ పెట్టె ముట్టను. ఎవరేమనుకున్నా సరే."

వీసా ఈసారి వేళకి వచ్చింది. కాన్పుకి ఇంకా మూడు వారాలు గడువుంది. అల్లుడు జవాద్ విమానం టికెట్ పంపిస్తానన్నాడు. కూతురింటికి అల్లుడి డబ్బుతో పోవడమా అని తమీమూంత్ ఒప్పుకోలేదు. పైగా విమానంలో మూటలు తూచుతారు, బస్సువాడు తూచడు. ఆగస్టులో లోకమంతా దక్షిణానికి వస్తుంటే ఉత్తరానికి పోయే బస్సులు ఖాళీగా తిరుగుతాయి, టికెట్ కారుచవక. దారిలో ఉండడానికి హోటళ్ళెందుకు? సముద్రం దాటగానే అల్మెరియాలో అన్న కొడుకు మొహంద్ ఉన్నాడు, పెర్పిన్యాన్‌లో యామ్నా ఉంది. ఇరవై ఏళ్ళుగా తన పరుపుల మీద దొర్లినవాళ్ళ గుమ్మాలు తానూ ఒకసారి తొక్కి చూడాలని ఆమెకు మహా కోరికగా ఉండేది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నా ఇంటికి వచ్చేటప్పుడు వాళ్ళు చేశారా అనుకుంది. ప్రయాణం సంగతి బయటపెడితే కన్ను పడుతుందని హద్దూంకి తప్ప ఊళ్ళో ఒక్కరికీ చెప్పలేదు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, పుదీనా కుండీలకు నీళ్ళు పొయ్యమంది. పెద్ద బిస్కట్ల డబ్బా నిండా సెల్లు కూరి, మూత మీద గుడ్డ కట్టి, ఓడ ఎక్కింది.

అల్మెరియా రేవులో మొహంద్‌కి పని. ఆగస్టులో అతనికి ఊపిరాడదు. మేనత్తను ఓడ మెట్ల మీద చూసి చేతిలో ఉన్న తాడు వదిలేశాడు.

"అత్తా, నువ్వేంటి ఇక్కడ? ఎవరైనా పోయారా?"

"నేను కదిలితే ఎవరో ఒకరు పోవాలా? ఆకలేస్తోంది, ఇంటికి తీసుకుపో."

మొహంద్ భార్య ఫదీలా తలుపు తీసింది. లేమని అనలేదు, ఎందుకొచ్చావని అడగలేదు. మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చి, వెంటనే పొయ్యి వెలిగించింది. హద్దూం మాట అక్కడికక్కడే అబద్ధమైపోయిందని తమీమూంత్ పొంగిపోయింది. చిక్కల్లా ఒక్కటే. ఫదీలాకి నాలుగో నెల. సంచిలోంచి నువ్వుల వాసన రాగానే ఆ పిల్ల కళ్ళు అక్కడే నిలిచిపోయాయి. కడుపుతో ఉన్నదాని ముందు తినేది దాస్తే బిడ్డ ఒంటి మీద మచ్చ పడుతుందని మా నమ్మకం. తమీమూంత్ గుడ్డ విప్పి ఒక చెంచా పెట్టింది. ఒకటి పదయింది.

"చాలు అత్తయ్యా, సిహాంకి కదా," అంటుంది ఫదీలా. అంటూనే నోరు తెరుస్తుంది.

"తినవే. గడువు బోలెడుంది. యామ్నా ఇంట్లో మళ్ళీ చేసుకుంటాను."

అలా వారం గడిచింది, డబ్బా అడుగు కనిపించింది. సరిగ్గా అప్పుడు జవాద్ ఫోన్ చేశాడు. సిహాంకి ముందే నొప్పులొచ్చాయి, మూడు రోజుల కిందటే ఆడపిల్ల పుట్టింది, అప్పటినుంచీ చేస్తుంటే ఇప్పటికి ఫోన్ కలిసింది, తల్లీ బిడ్డా క్షేమం. తమీమూంత్ సంతోషంతో ఫదీలా బుగ్గ మీద ముద్దు పెట్టింది. ఆ వెనకే వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పేరు పెట్టే రోజుకి ఇంక మూడు రోజులే, తాను ఇంకా ఐరోపాకు ఈ కొసన ఉంది, డబ్బా ఖాళీ.

బయలుదేరతానంటే ఫదీలా వదిలితేగా. ఇవాళ కస్కస్ వండుతున్నానంది, రేపు పోవచ్చులెమ్మంది. మర్నాడు చూస్తే తమీమూంత్ తోలు చెప్పులు మాయం. చుట్టాన్ని ఆపాలంటే చెప్పులు దాచడం మాకు అలవాటే. తమీమూంత్ కూడా తన గుమ్మంలో ఎందరివో దాచింది. మంచం కింద, ఓవెన్‌లో, బట్టల బుట్టలో వెతికింది, దొరకలేదు.

"ఎక్కడ పెట్టావే?"

"వచ్చేటప్పుడు ఇస్తాను. మళ్ళీ రావాలి కదా."

తమీమూంత్ గుమ్మంలో ఉన్న ఫదీలా ప్లాస్టిక్ చెప్పులు తొడుక్కుని, ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కింది. చెప్పులు గులాబీ రంగువి, ఒక సైజు తక్కువ. మడమలు సగం బయటే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే పెర్పిన్యాన్‌లో దిగింది. యామ్నా చిరునామా ఉన్న కాగితం దారిన పోయేవాళ్ళకి చూపించుకుంటూ, మూడో అంతస్తు ఎక్కి గంట నొక్కింది. పలుకు లేదు. తలుపు బాదింది. పేరుపెట్టి పిలిచింది. యామ్నా ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. చాలాసేపటికి తమీమూంత్ మెట్ల మీద కూలబడింది. లోపల ఉండి కూడా లేమంటారట అన్న హద్దూం మాట వద్దన్నా చెవిలో గింగురుమంటోంది. ఎన్ని ఆగస్టులు, ఎన్ని రొట్టెలు, ఎంత టీ. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఒక పక్క ఒళ్ళు మండుతూనే, సాయంత్రం బస్సులోపు సెల్లు ఎక్కడ చేస్తానురా దేవుడా అని లెక్క వేసుకుంటోంది.

అంతలో ఫోన్ మోగింది. హద్దూం.

"వదినా, నీ ఇంటి ముందు కారొకటి ఆగింది. నెత్తిన రెండు సైకిళ్ళు, ఒక ఫ్రిజ్. లోపల్నుంచి నలుగురు దిగి నీ తలుపు బాదుతున్నారు. ఆ ఆడమనిషి నీ పేరు పెట్టి కేకలేస్తోంది. ఏం చెయ్యను?"

"ఎవరే వాళ్ళు?"

"మీ యామ్నా."

తమీమూంత్ మెట్ల మీద నుంచి లేచింది. "దానికివ్వు ఫోన్," అంది.

"అక్కా," యామ్నా గొంతులో కోపం, కంగారు. "మేమొచ్చి గంటయింది. నా ఫోన్ కారులో ఎక్కడో సంచుల అడుగున పడింది. ఎక్కడున్నావే నువ్వు?"

"నీ గుమ్మంలో."

"ఏ గుమ్మం?"

"పెర్పిన్యాన్‌లో నీ గుమ్మం. మూడో అంతస్తు. తలుపు మీద దిష్టికి పెట్టిన నీలంరంగు చెయ్యి బొమ్మ ఉంది."

అటువైపు యామ్నా నవ్వు మొదలైంది, ఆ నవ్వు మధ్యలో ఏడుపుగా మారింది. "నా ఇంటికి వచ్చావా? ఇన్నేళ్ళకి వచ్చావా? ఆ వేళకి నేను లేకుండా పోయానా? ఏమండీ, కారు తిప్పండి, వెనక్కి పోదాం. చుట్టం గుమ్మంలో ఉందండీ."

"ఓసి పిచ్చిదానా, నువ్వొచ్చేలోగా నా మనవరాలికి పళ్ళొస్తాయి," అంది తమీమూంత్. "ఆగు. నా తాళంచెవి హద్దూం దగ్గరుంది. తీసుకుని లోపలికి పో. పరుపులు మేడ మీద గదిలో ఉన్నాయి. నీ తాళంచెవి ఎక్కడ?"

"కింద అల్దీనా దగ్గర. పోర్చుగీసు ఆవిడ, మొక్కలకు నీళ్ళు పోస్తుంది. ఫోన్ ఆవిడకివ్వు, నేను చెప్తాను." గొంతు తగ్గించింది. "అక్కా, ఇల్లు కాస్త చిన్నది."

తలుపు తెరిచి చూస్తే చిన్నదే. ఏటా బంగారు గాజులతో, ఫ్రిజ్‌లతో దిగి, మా ఇంట్లో అది ఉంది ఇది ఉంది అని చెప్పుకునే యామ్నా రెండు గదుల్లో ఉంటోంది. నీకో గది వేరే పెట్టేస్తానన్న ఇంట్లో, వేరే పెట్టడానికి మూల కూడా లేదు. పిల్లలు పడుకునే సోఫా మీద ఉన్ని పరుపు ఒకటి పరిచి ఉంది. తమీమూంత్ దాని అంచు ఎత్తి కుట్టు చూసింది. తన కుట్టే. యామ్నా పెళ్ళికి కుట్టి కారు మీద కట్టించి పంపిన పరుపు. ఒక్క కుట్టు ఊడలేదు. ఇన్నేళ్ళూ యామ్నా గొప్పలు విని లోలోపల కాస్త కుళ్ళుకున్న మాట నిజం. ఇప్పుడు ఆ పరుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే చెల్లెలి మీద ప్రేమ ముంచుకొచ్చింది. రెండు గదులున్న మనిషి ఇరవై ఏళ్ళు తనను పిలుస్తూనే ఉంది.

ఫోన్ మళ్ళీ మోగింది. "ఇల్లు చూశావా?" అంది యామ్నా, నెమ్మదిగా.

"చూశాను. నీ ఓవెన్ నా ఓవెన్ కంటే పెద్దది. బాదంపప్పు ఎక్కడ?"

యామ్నా గొంతు ఒక్కసారిగా తేటపడింది. "కిటికీ పక్క అలమర, పైఅర. నువ్వులు కూడా అక్కడే. నీ కాఫీ ఎక్కడే? తలనొప్పిగా ఉంది."

"నువ్వుల డబ్బాలో."

"మరి నువ్వులు?"

"కాఫీ డబ్బాలో. అందరికీ తెలిసిన చోట పెడితే నువ్వు ఏటా మొత్తం పట్టుకుపోతావు కదా."

"నీ పొయ్యి రెండో బర్నర్ వెలగడం లేదు."

"తిట్టు, వెలుగుతుంది."

యామ్నా తిట్టింది, వెలిగింది. అలా ఒకరి వంటింట్లో ఒకరు నిలబడి ఆ మధ్యాహ్నమంతా మాట్లాడుకున్నారు. తమీమూంత్ ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి, పిండి ఓవెన్‌లో పెట్టి, కలుపుతూ, ఎర్రబడేదాకా కళ్ళప్పగించి కూర్చుంది. నెయ్యి దొరికింది. తేనె మాత్రం దొరకలేదు. అల్దీనాకి వాళ్ళ భాష రాకపోయినా వాసన అర్థమైంది. కిందికి వెళ్ళి తన సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక కుర్చీ లాక్కుని, బాదంపప్పు పొట్టు ఒలవడం మొదలుపెట్టింది. సాయంత్రానికి డబ్బా నిండింది. వేలితో రుచి చూసి తమీమూంత్ తల ఊపింది. అల్దీనాకి పెద్ద ముద్ద పెట్టి, గిన్నెలు కడిగి, తాళం వేసి, ఉత్తరపు బస్సు ఎక్కింది.

బస్సు రాత్రంతా పరిగెత్తి పారిస్ దాటాక ఆగిపోయింది. ముందెక్కడో లారీ అడ్డంగా పడిందట. అవతలి దారిలో నెత్తిన మూటలతో మా వాళ్ళ కార్లు దక్షిణానికి జోరుగా పోతున్నాయి, ఈ దారి కదలదు. ఇవాళే ఏడో రోజు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని తమీమూంత్ డ్రైవర్ వెనక సీట్లోకి మారింది. అతని భాష ఆమెకు రాదు. చేతులతో బిడ్డను ఊపుతున్నట్టు చూపించింది, డబ్బా మూత తీసి చూపించింది, నుదురు కొట్టుకుంది. డ్రైవర్‌కి ఏం అర్థమైందో గాని, దారి వదలగానే మధ్యలో టీ కోసం ఆగే చోట ఆగకుండా నడిపాడు. వెనక సీట్లవాళ్ళు గొణిగితే తమీమూంత్ లేచి తలా కాస్త సెల్లు పెట్టి నోళ్ళు మూయించింది.

లియేజ్‌లో జవాద్ బస్సు దగ్గరే ఉన్నాడు. "అత్తయ్యా, అందరూ వచ్చేశారు. మా అమ్మ తొందరపెడుతోంది. సిహాం పాపను ఎవరి చేతికీ ఇవ్వడం లేదు," అన్నాడు, సంచి అందుకుంటూనే పరిగెడుతూ. డబ్బా మాత్రం ఆమె ఇవ్వలేదు.

నాలుగో అంతస్తు, ఇంటి నిండా జనం. జవాద్ తల్లి లల్లా కన్జా బంగారు జరీ పని చేసిన కఫ్తాన్ వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఫెస్ ఊరివాళ్ళకి మా ఉత్తరాది మొరటువాళ్ళంటే ఎప్పుడూ చిన్నచూపే. ఆవిడ చూపు దుమ్ముపట్టిన జెల్లాబా అంగీ మీద నుంచి గులాబీ రంగు ప్లాస్టిక్ చెప్పుల మీదికి, బయటికొచ్చిన మడమల మీదికి దిగింది.

"వదినగారూ, మీ చెప్పులు..."

"అల్మెరియాలో దాచేశారండీ," అంది తమీమూంత్. "మనవాళ్ళు అక్కడా ఉన్నారు." చెప్పులు గుమ్మంలో వదిలి లోపలికి నడిచింది.

సిహాం మంచం మీద కూర్చుని ఉంది. పక్కన బల్ల మీద రిబ్బను పెట్టె, విప్పకుండా అలాగే ఉంది. తల్లిని చూడగానే నోరు తెరిచింది, చిన్నప్పుడు తెరిచినట్టు. తమీమూంత్ మూత తీసి ముద్ద చేసి నోట్లో పెట్టింది. గదిలో అందరూ చూస్తున్నారు. సిహాం నమిలింది, మింగింది, రెండు కళ్ళూ నిండిపోయాయి.

"వేరేగా ఉంది," అంది. "అయినా నీదే."

"తేనె పోర్చుగీసు ఆవిడది. బాదం యామ్నాది. పిసికింది నేను. ఇలా ఇవ్వు పిల్లను."

పాప ఆమె చేతుల్లోకి వచ్చింది. లల్లా కన్జా ఒక చెంచా తీసుకుని, మర్యాదకి అన్నట్టు కొసన రుచి చూసింది. రెండో చెంచాకి మాత్రం చెయ్యి తానే చాచింది. ఆ తర్వాత రిబ్బను పెట్టె ఎప్పుడు అలమరలోకి పోయిందో ఎవరూ చూడలేదు.

పేరు పిలిచే వేళైంది. పిలిచిన వెంటనే ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ గొంతెత్తి జగారీత్ కేక పెట్టాలి, అది మా శుభం. లల్లా కన్జా తమీమూంత్ దగ్గరికి వచ్చి చిన్నగా అంది, "వదినగారూ, ఇక్కడ కేకలు వద్దు. మిగతా ఇద్దరికీ కూడా పెట్టలేదు. పైఅంతస్తు వాళ్ళు గొడవపడతారు."

తమీమూంత్ ఫోన్ తీసి నాదోర్‌కి కలిపింది. యామ్నా ఎత్తింది. మేడ మీద ఉందట, పక్కన హద్దూం, ఇంకా సగం వీధి.

జవాద్ పాప చెవి దగ్గర వంగి పేరు చెప్పి, పైకి లేచి అందరికీ వినిపించేలా అన్నాడు. "ఇల్హాం."

మొదటి కేక ఫోన్‌లోంచి వచ్చింది. యామ్నాది. తమీమూంత్ మేడ మీద నిలబడి, తమీమూంత్ తరఫున. దాని వెనక హద్దూంది, దాని వెనక వీధిది. అంతదూరం నుంచి తన ఇల్లే అరుస్తున్నట్టు వినిపించింది తమీమూంత్‌కి. ఇంక ఆగలేకపోయింది. ఒక చేత్తో పాపను గుండెకి హత్తుకుని, తల వెనక్కి వంచి, రెండు కాన్పులుగా గొంతులో దాచుకున్నదంతా వదిలింది. కిటికీ అద్దాలు అదిరాయి. సిహాం మంచం మీద నుంచే అందుకుంది. ఆఖరికి కఫ్తాన్ చేతులు సర్దుకుని లల్లా కన్జా కూడా అందుకుంది. ఏమాటకామాటే చెప్పాలి, ఆవిడ గొంతే అందరికంటే పొడుగ్గా సాగింది.

పైఅంతస్తు మనిషి నిజంగానే దిగి వచ్చాడు. తలుపు తమీమూంతే తీసింది. అతను ఏదో అనబోయేలోగా చేతిలో చెంచా పెట్టి, పక్కకి జరిగి, లోపలికి రమ్మని దారి చూపించింది.